ఎంపిక ఒక ఎత్తు, తీర్చిదిద్దడం ఒక ఎత్తు
(అమెరికా ఫుట్‌బాల్ జట్లు తమ సారథులను ఎలా తెచ్చుకుంటాయి, ఎలా తయారుచేసుకుంటాయి అనే విషయంపై మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడేవాళ్లు ఈ సభలో చాలామందే ఉన్నారు, మీరు అమెరికా వెళ్లి వచ్చారు కాబట్టి అక్కడి సంగతి ఏదైనా చెప్పండి అన్నారు కార్యదర్శిగారు. అక్కడి రోడ్లు, దుకాణాలు, మంచు గురించి మీ పిల్లలు మీకు ఫోనులోనే చూపిస్తున్నారు. అందుకని మీరెవరూ బహుశా పట్టించుకోని ఒక సంగతి ఎంచుకున్నాను. వాళ్ల ఫుట్‌బాల్ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అనే ఒక ఉద్యోగం ఉంది. ఆ ఉద్యోగానికి మనిషిని ఎలా వెతుకుతారు, వచ్చాక అతనికి పని ఎలా నేర్పుతారు అన్నదే నా విషయం.

ఈయనకీ ఆటలకీ ఏమిటి సంబంధం అని కొందరు నవ్వుతున్నారు. నిజమే, నేను ఆడింది క్యారమ్స్ ఒక్కటే. కానీ 31 ఏళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పనిచేశాను. నియామకపు ఉత్తర్వులు, ప్రొబేషన్ పూర్తయినట్టు డిక్లరేషన్లు, సీనియారిటీ జాబితాలు, బదిలీలు ఇవే నా జీవితం. మా అమ్మాయి వాళ్లుండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కో అనే ఊళ్లో. మన తెలుగువాళ్లు చాలామంది ఉన్న ఊరది. డల్లాస్ కౌబాయ్స్ అనే జట్టు ప్రధాన కార్యాలయం కూడా అక్కడే. ఆదివారం వచ్చిందంటే మా అల్లుడు, మనవడు టీవీ ముందునుంచి కదలరు. మొదట్లో నాకు అర్థం కాలేదు. తర్వాత వాళ్లు ఆట కంటే ఆటగాళ్ల నియామకం, జీతం, బదిలీల గురించే ఎక్కువ వాదించుకుంటున్నారని గమనించాను. అప్పుడు నాకూ ఆసక్తి పుట్టింది. అది నా సెక్షనే కదా!

ముందు ఆట సంగతి

మనం ఫుట్‌బాల్ అనేదాన్ని వాళ్లు సాకర్ అంటారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో కాలితో తన్నడం తక్కువ, చేత్తో విసరడం, చంకన పెట్టుకుని పరుగెత్తడం ఎక్కువ. మైదానం నిడివి 100 గజాలు. బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్లకు. మన కబడ్డీలో లాగా ఇదీ అవతలి వాళ్ల నేలలోకి చొచ్చుకుపోయే ఆటే.

ప్రతి ప్రయత్నం ఒక మనిషి చేతుల్లోంచి మొదలవుతుంది. అతనే క్వార్టర్‌బ్యాక్. బంతి చేతికి వచ్చాక అతనికి దొరికే సమయం సుమారు మూడు సెకన్లు. ఆలోగా ఎదురుగా పదకొండు మంది ఎక్కడెక్కడ ఉన్నారో చూసి, తనవాళ్లలో ఎవరికి విసరాలో తేల్చుకుని, ఆ మనిషి ఇంకా చేరని చోటికి బంతి పంపాలి. అతన్ని నేలకూల్చడానికి ఒక్కొక్కరు నూట ఇరవై, నూట ముప్ఫై కిలోలున్న మనుషులు మీదికి వస్తుంటారు. అతని ముందు అయిదుగురు గోడలా నిలబడతారు. ఆ గోడ గట్టిగా ఉంటేనే అతని బతుకు.

వందల ఎత్తుగడలున్న పుస్తకం అతనికి కంఠతా రావాలి. 1994 నుంచి శిక్షకుడు అతని శిరస్త్రాణంలోని చిన్న రేడియోలో మాట్లాడవచ్చు. కానీ గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి ఆ రేడియో ఆగిపోతుంది. ఆ తర్వాత అతని బుర్రే అతనికి దిక్కు. పెద్ద లీగులో జట్లు 32. అంటే అంత పెద్ద దేశానికి ఈ పోస్టులు 32 మాత్రమే. నాకు తెలిసి అంతకంటే గట్టి పోటీ ఉన్న కేడరు ఇంకోటి లేదు.

ఆ పోస్టుకు నాలుగు దారులు

మొదటిది డ్రాఫ్టు. డ్రాఫ్టు అంటే మనకు తెలిసినవి రెండే. ఒకటి బ్యాంకులో తీసేది, రెండోది మనం రాసి పంపితే ఆఫీసరుగారు ఎర్ర సిరాతో కొట్టేసేది. వాళ్ల డ్రాఫ్టు వేరు. 1936లో మొదలైంది. ఏటా వసంతకాలంలో కాలేజీ చదువుల నుంచి వచ్చే ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. క్రితం ఏడాది అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకు మొదటి వంతు, కప్పు గెలిచిన జట్టుకు చివరి వంతు. బలహీనుడు పుంజుకోవాలని ఈ ఏర్పాటు. ఇలా ఏడు రౌండ్లు. కుర్రాడికి ఎంపిక లేదు. ఏ జట్టు పిలిస్తే ఆ ఊరు వెళ్లాలి. మొదటి పోస్టింగు ఎక్కడ పడితే అక్కడికి వెళ్లినట్టే.

రెండోది బదిలీ. ఒక జట్టు తన ఆటగాణ్ణి ఇచ్చి, ఇంకో జట్టు నుంచి ఆటగాణ్ణో, రాబోయే డ్రాఫ్టు వంతులనో తీసుకుంటుంది. 2021లో లాస్ ఏంజెలిస్ రామ్స్ జట్టు డెట్రాయిట్ నుంచి మాథ్యూ స్టాఫర్డ్ అనే అనుభవజ్ఞుణ్ణి తెచ్చుకుంది. బదులుగా తమ క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌ను, రెండు మొదటి రౌండు వంతులను, ఒక మూడో రౌండు వంతును ఇచ్చింది. మరుసటి ఫిబ్రవరిలోనే రామ్స్ కప్పు గెలిచింది. పనికిరాడని పంపేసిన గాఫ్ డెట్రాయిట్‌లో కుదురుకుని, రెండేళ్ల తర్వాత ఆ జట్టును కప్పు పోటీకి ఒక్క మెట్టు కిందిదాకా తీసుకెళ్లాడు. ఒక ఆఫీసులో సరిపడనివాడు ఇంకో ఆఫీసులో రాణించడం మనమూ చూశాం.

మూడోది, ఒప్పందం ముగిసినవాడు తనకు నచ్చిన జట్టుకు వెళ్లడం. డ్రూ బ్రీస్ భుజానికి పెద్ద శస్త్రచికిత్స జరిగాక 2006లో న్యూ ఓర్లియన్స్‌కు వెళ్లింది ఇలాగే. ఆ చెయ్యి ఇక పనిచేస్తుందో లేదో అని సందేహించినవాళ్లు ఉన్నారు. న్యూ ఓర్లియన్స్ నమ్మింది. 2010 ఫిబ్రవరిలో కప్పు గెలిచింది.

నాలుగోది, ఏ రౌండులోనూ ఎవరూ పిలవనివాడు తలుపు తట్టి లోపలికి రావడం. మన భాషలో దినసరి వేతనం మీద చేరి, తర్వాత పర్మనెంట్ కావడం లాంటిది. డల్లాస్ జట్టుకు పదేళ్లకు పైగా సేవ చేసిన టోనీ రోమో అలా వచ్చినవాడే. 2003లో డ్రాఫ్టులో అతన్ని ఎవరూ పిలవలేదు. మూడేళ్లు బెంచీ మీద కూర్చుని 2006లో ఆట మొదలుపెట్టాడు.

పరీక్షలకు అందని సంగతి

మరి మనిషిని ఎలా కొలుస్తారు? ఏటా ఇండియానాపొలిస్ నగరంలో కాలేజీ ఆటగాళ్లను పిలిచి ఎత్తు, బరువు, అరచేతి వెడల్పు కొలుస్తారు. 40 గజాలు పరుగెత్తిస్తారు. డాక్టర్లు కీళ్లు విరిచి చూస్తారు. జట్ల అధికారులు ఇంటర్వ్యూలు చేస్తారు. కొన్ని దశాబ్దాల పాటు 12 నిమిషాల్లో 50 ప్రశ్నల తెలివితేటల పరీక్ష కూడా పెట్టేవారు. 2022లో దాన్ని మానేశారు. కాలేజీలో ఆడిన ప్రతి ఆటనూ పదేసిసార్లు చూస్తారు. ఒక్క మనిషి కోసం ఇంత శ్రద్ధగా విచారించే శాఖ నాకు తెలిసి మరొకటి లేదు.

అయినా ఫలితాలు చూడండి. 1998లో మొదటి వంతులో పేటన్ మానింగ్, రెండో వంతులో రయన్ లీఫ్ వెళ్లారు. ఇద్దరిలో ఎవరు మేలు అని ఆ రోజుల్లో పెద్ద చర్చ. లీఫ్ కోసం సాన్ డియాగో జట్టు మూడో వంతు నుంచి ఒక్క మెట్టు పైకి ఎక్కడానికే రెండు మొదటి రౌండు వంతులు, ఒక రెండో రౌండు వంతు, ఇద్దరు ఆటగాళ్లను ధారపోసింది. మానింగ్ రెండు కప్పులు గెలిచాడు. లీఫ్ నాలుగేళ్లు తిరిగేసరికి ఆటలోనే లేడు. లీఫ్ విషయంలో తప్పంతా జట్టుదే అనను. అతని కోపం, క్రమశిక్షణ లేకపోవడం కూడా కారణాలే. కానీ వాటిని ఏ టేపుతో కొలుస్తారు?

2000 సంవత్సరంలో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు అమ్ముడుపోయాక ఆరో రౌండులో, 199వ పేరుగా పిలిచినవాడు టామ్ బ్రాడీ. సన్నగా ఉన్నాడు, పరుగు నెమ్మది అన్నారు. అతను ఏడు కప్పులు గెలిచి 2023లో రిటైరయ్యాడు. 2022లో మొత్తం జాబితాలో చిట్టచివరి పేరు, 262వది, బ్రాక్ పర్డీ. రెండేళ్లు తిరగకుండానే సాన్ ఫ్రాన్సిస్కో జట్టును కప్పు పోటీకి చేర్చాడు.

కర్ట్ వార్నర్ కథ మీ మనవలకు చెప్పదగ్గది. 1994లో అతన్ని ఎవరూ పిలవలేదు. గ్రీన్ బే జట్టు శిక్షణకు రమ్మని, కొద్దిరోజులకే పంపేసింది. అయోవా రాష్ట్రంలో ఒక కిరాణా దుకాణంలో రాత్రిపూట అరల్లో సరుకులు సర్దే పనికి చేరాడు. గంటకు అయిదున్నర డాలర్లు. తర్వాత పైకప్పు కింద ఆడే చిన్న లీగులో ఆడాడు, ఐరోపా వెళ్లి ఆడాడు. 1999లో సెయింట్ లూయిస్ జట్టు అసలు క్వార్టర్‌బ్యాక్ గాయపడితే ఇతన్ని దింపారు. ఆ ఏడాదే లీగులో ఉత్తమ ఆటగాడయ్యాడు, కప్పూ గెలిచాడు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. అన్ని పొరపాట్లూ కొలతల పొరపాట్లు కావు. నల్లజాతి కుర్రాళ్లు ఈ స్థానానికి పనికిరారు, వాళ్లను వేరే స్థానాల్లో ఆడించాలి అనే దురభిప్రాయం చాలాకాలం ఉండేది. వారెన్ మూన్ 1978లో కాలేజీ పోటీల్లో పేరు తెచ్చుకుని వచ్చినా ఒక్క జట్టూ పిలవలేదు. అతను కెనడా వెళ్లి ఎడ్‌మంటన్ జట్టుకు వరుసగా అయిదు కప్పులు తెచ్చిపెట్టాడు. అప్పుడుగానీ, 1984లో, హ్యూస్టన్ జట్టు అతన్ని తీసుకోలేదు. 2006లో ఆ ఆట ప్రముఖుల మందిరంలో అతనికి స్థానం దక్కింది. 2023 ఫిబ్రవరిలో కప్పు పోటీలో రెండు జట్లకూ నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లే సారథ్యం వహించారు. అలా జరగడం అదే మొదటిసారి. పైన కూర్చున్నవాళ్ల మనసులో ముందే ఒక గీత ఉంటే ఎన్ని పరీక్షలు పెట్టి ఏం లాభం?

2005లో ఇద్దరు కుర్రాళ్లు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2005 డ్రాఫ్టులో ఇద్దరు కుర్రాళ్లున్నారు. ఇద్దరూ కాలిఫోర్నియాలో పెరిగినవాళ్లే. ఒకరు అలెక్స్ స్మిత్, ఇంకొకరు ఆరన్ రోజర్స్. మొదటి వంతు సాన్ ఫ్రాన్సిస్కోది. వాళ్లు స్మిత్‌ను పిలిచారు. రోజర్స్ టీవీ కెమెరాల ముందు గంటల తరబడి కూర్చున్నాడు. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతుంటే గది ఖాళీ అయింది. 24వ వంతులో గ్రీన్ బే జట్టు పిలిచింది. ఆ రోజు ఆ ఇద్దరిలో అదృష్టవంతుడెవరు అని అడిగితే అందరూ స్మిత్ పేరే చెప్పేవారు.

స్మిత్‌కు అప్పటికి ఇంకా 21 నిండలేదు. అంతకుముందు ఏడాది ఘోరంగా ఓడిన జట్టు. ముందు గోడ లేదు, పక్కన మంచి ఆటగాళ్లు లేరు. మొదటి ఏడాదే ఆటలోకి తోశారు. అతను గురిచూసి విసిరి గెలిపించినవి 1, అవతలివాళ్ల చేతికి చిక్కినవి 11. అతనికి ఆట ఎత్తుగడలు నేర్పే సమన్వయకర్త మైక్ మెకార్తీ ఏడాది తిరగకుండానే వెళ్లిపోయాడు. రెండో ఏడాది నార్వ్ టర్నర్ అనే గొప్ప బోధకుడు వచ్చాడు. స్మిత్ కుదుటపడుతున్నాడు అనుకునేలోగా ఆయనా వేరే ఊళ్లో పెద్ద పదవికి వెళ్లిపోయాడు. ఇలా 2005 నుంచి 2011 దాకా ఏడేళ్లలో ఏడుగురు సమన్వయకర్తలు మారారు. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా కొత్త పుస్తకం, కొత్త పరిభాష. మొన్నటిదాకా ఒక పేరుతో పిలిచిన ఎత్తుగడకు ఇవాళ ఇంకో పేరు. మధ్యలో భుజానికి గాయం. ఈ కుర్రాడు ఎందుకూ పనికిరాడు అని పత్రికలు రాశాయి.

నాకు మా ఆఫీసులో ఒక కుర్రాడు గుర్తొచ్చాడు. మంచి మార్కులతో వచ్చాడు. ఏ సెక్షన్‌లోనూ ఆరు నెలలు ఉంచకుండా తిప్పారు. బిల్లులు నేర్చుకునేలోగా స్టోర్సు, స్టోర్సు అర్థమయ్యేలోగా తపాలా. మూడేళ్లయ్యాక అతనికి ఏ పనీ రాదని పైకి రాశారు. పని రాకపోవడం నిజమే. రానిచ్చింది ఎవరు?

ఇక రోజర్స్ సంగతి. గ్రీన్ బేలో అప్పటికే బ్రెట్ ఫావ్ర్ అనే మహా ఆటగాడు ఉన్నాడు. రోజర్స్ మూడేళ్లు బెంచీ మీదే ఉన్నాడు. కానీ ఊరికే కూర్చోలేదు. 2006లో ఆ జట్టుకు ప్రధాన శిక్షకుడిగా వచ్చింది ఎవరనుకున్నారు? సాన్ ఫ్రాన్సిస్కోలో స్మిత్‌ను వదిలి వచ్చిన ఆ మైక్ మెకార్తీయే. ఆయన పోటీలు లేని నెలల్లో క్వార్టర్‌బ్యాక్‌లకు బడి లాంటిది నడిపేవాడు. కాళ్లు ఎక్కడ ఉండాలి, బంతి ఎంత ఎత్తులో పట్టుకోవాలి, చూపు ఏ వరుసలో తిప్పాలి అన్నీ మొదటినుంచి దిద్దారు. 2008లో ఫావ్ర్ వెళ్లాక రోజర్స్ చేతికి జట్టు వచ్చింది. 2011 ఫిబ్రవరిలో కప్పు గెలిచాడు. తర్వాత నాలుగుసార్లు లీగులో ఉత్తమ ఆటగాడయ్యాడు. గ్రీన్ బే మళ్లీ 2020లో జోర్డన్ లవ్ అనే కుర్రాణ్ణి తెచ్చి, రోజర్స్ వెనుక మూడేళ్లు కూర్చోబెట్టి, 2023లో పగ్గాలిచ్చింది. అతనూ ఆ ఏడాదే జట్టును తుది పోటీలకు చేర్చాడు.

రోజర్స్ సాన్ ఫ్రాన్సిస్కో వెళ్లి ఉంటే ఏమయ్యేవాడు? స్మిత్ గ్రీన్ బే వెళ్లి ఉంటే ఏమయ్యేవాడు? ఎవరూ చెప్పలేరు. కానీ స్మిత్‌లో సరుకు ఉందని తర్వాత తేలింది. 2011లో కొత్త ప్రధాన శిక్షకుడు జిమ్ హార్బా అతన్ని నమ్మాడు. ఆ ఏడాది జట్టు 16 ఆటల్లో 13 గెలిచింది. మరుసటి ఏడాది తలకు దెబ్బ తగిలి కొద్దిరోజులు పక్కన ఉంటే ఆ చోటు ఇంకొక కుర్రాడికి వెళ్లిపోయింది. 2013లో స్మిత్‌ను కాన్సస్ సిటీకి పంపేశారు. ముందు ఏడాది 2 ఆటలే గెలిచిన ఆ జట్టు అతను వచ్చిన ఏడాది 11 గెలిచింది.

డల్లాస్ కథే చూడండి. 1989లో మొదటి వంతులో వచ్చిన ట్రాయ్ ఎయిక్‌మన్ ఆ ఏడాది తను మొదలుపెట్టిన 11 ఆటలూ ఓడాడు. పదకొండుకు పదకొండూ! జట్టు అతన్ని వదల్లేదు. అతని చుట్టూ మంచివాళ్లను చేర్చింది. 1991లో నార్వ్ టర్నర్‌ను సమన్వయకర్తగా తెచ్చింది. స్మిత్ దగ్గర ఒక్క ఏడాది ఉండి వెళ్లిపోయిన ఆ టర్నరే. ఎయిక్‌మన్ దగ్గర ఆయన మూడేళ్లు ఉన్నాడు. ఆ మూడేళ్లలో రెండు కప్పులు, ఆ తర్వాత ఇంకోటి. గురువు ఒక్కడే, దొరికిన కాలం వేరు.

గోడ సంగతి కూడా మరవకూడదు. 2002లో హ్యూస్టన్‌లో కొత్తగా పెట్టిన జట్టు డేవిడ్ కార్ అనే కుర్రాణ్ణి మొదటి వంతులో తెచ్చుకుంది. ముందు నిలబడే అయిదుగురు సరిగ్గా కుదరలేదు. ఆ ఒక్క ఏడాదిలో అతన్ని 76 సార్లు నేలకూల్చారు. లీగులో అదొక రికార్డు. అలా దెబ్బలు తిన్నవాడికి కళ్లు బంతి మీద నిలుస్తాయా, మీద పడబోయేవాడి మీద నిలుస్తాయా?

డబ్బు, తొందర

మరి ఇన్ని తెలిసీ ఎందుకు తొందరపడతారు? ఇక్కడ జీతాల లెక్క ఉంది. ప్రతి జట్టూ ఆటగాళ్ల జీతాలకు పెట్టగలిగే మొత్తానికి 1994 నుంచి పరిమితి ఉంది. 2025లో అది 27 కోట్ల 92 లక్షల డాలర్లు. అనుభవజ్ఞుడైన క్వార్టర్‌బ్యాక్ అందులో పెద్ద వాటా తీసుకుపోతాడు. డల్లాస్ డాక్ ప్రెస్కాట్ 2024లో నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఏడాదికి సగటున 6 కోట్లు. ఈ ప్రెస్కాట్ 2016లో నాలుగో రౌండులో, 135వ పేరుగా వచ్చినవాడు. రోమో వెన్ను దెబ్బతిని కూర్చుంటే ఆడి, ఆ ఏడాది 16లో 13 గెలిపించాడు.

కొత్తగా వచ్చేవాడి జీతం 2011 దాకా బేరాన్నిబట్టి ఉండేది. 2010లో మొదటి వంతులో వచ్చిన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం. ఒక్క ఆటా ఆడకముందే! 2011లో ఆటగాళ్ల సంఘానికీ యజమానులకూ కుదిరిన ఒప్పందంలో కొత్తవాళ్లకు స్కేలు పెట్టారు. ఆ ఏడాది మొదటి వంతులో వచ్చిన కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు దక్కింది సుమారు 2 కోట్ల 20 లక్షలే. సంఘం ఒప్పుకోవడానికి కారణం ఉంది. కొత్తవాడి దగ్గర మిగిలిన డబ్బు పాతవాళ్లకు చేరాలని వాళ్ల ఆశ.

దీని ఫలితం ఒకటి ఎవరూ అనుకోనిది. మొదటి నాలుగేళ్లు కుర్రాడు చవగ్గా దొరుకుతాడు కాబట్టి, మిగిలిన డబ్బుతో జట్టును నింపి ఆ నాలుగేళ్లలోనే కప్పు కొట్టేయాలని యజమానులకు ఆత్రం. అందుకని మూడేళ్లు కూర్చోబెట్టే ఓపిక కరువైంది. కరొలైనా జట్టు 2023లో బ్రైస్ యంగ్ కోసం మొదటి వంతు కొనుక్కుంది. షికాగోకు నాలుగు వంతులు, ఒక మంచి ఆటగాణ్ణి ఇచ్చింది. ఆ కుర్రాడి బంతులు పట్టుకోవలసిన మేటి ఆటగాడే ఆ బేరంలో పోయాడు! మరుసటి ఏడాది రెండు ఆటలు ఆడించి యంగ్‌ను పక్కన కూర్చోబెట్టారు. తర్వాత మళ్లీ అవకాశం వచ్చినప్పుడు అతను మెరుగ్గానే ఆడాడు. ఇంకో విచిత్రం, షికాగోకు ఇచ్చిన వంతుల్లో ఒకటి 2024లో మొత్తం డ్రాఫ్టుకే మొదటి వంతుగా తేలింది. షికాగో దానితో తనకు క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుంది.

తన కుర్చీలో కూర్చోబోయేవాడికి నేర్పినవాడు

మళ్లీ అలెక్స్ స్మిత్ దగ్గరికి వస్తాను. 2017లో కాన్సస్ సిటీ జట్టు బఫలోకు వంతులు ఇచ్చి, 27 నుంచి 10కి ఎగబాకి పాట్రిక్ మహోమ్స్ అనే కుర్రాణ్ణి తెచ్చుకుంది. అంటే స్మిత్ కుర్చీకి మనిషిని తెచ్చారన్నమాట. స్మిత్‌కు ఆ సంగతి తెలుసు. అందరికీ తెలుసు. అప్పటికి అతనికి 33 ఏళ్లు వస్తున్నాయి. ఆ ఏడాది తన జీవితంలోనే బాగా ఆడాడు. ఆడుతూనే, వారం పొడవునా ప్రత్యర్థిని ఎలా చదవాలి, పుస్తకం ఎలా పట్టాలి, పని ఎలా చేయాలి అన్నీ ఆ కుర్రాడి ముందు దాపరికం లేకుండా ఉంచాడు. మహోమ్స్ ఆ ఏడాది చివర్లో ఒక్క ఆట మాత్రం ఆడాడు. తర్వాత స్మిత్‌ను వాషింగ్టన్‌కు పంపేశారు. 2018లో మహోమ్స్ 50 గెలుపు విసుర్లు విసిరి లీగులో ఉత్తమ ఆటగాడయ్యాడు. 2020, 2023, 2024 సంవత్సరాల్లో కప్పులు గెలిచాడు. స్మిత్ దగ్గర ఆ ఏడాది నేర్చుకున్నదాని గురించి మహోమ్స్ బహిరంగంగానే చాలాసార్లు చెప్పాడు.

స్మిత్‌కు 2018 నవంబరులో కాలు విరిగింది. పుండు విషమించి ప్రాణం మీదికి, కాలు తీసేసే దాకా వచ్చింది. 17 శస్త్రచికిత్సలు జరిగాయి. 2020లో మళ్లీ మైదానంలో దిగి ఆడాడు. 2021లో రిటైరయ్యాడు. అతను కప్పు పోటీలో ఒక్కసారీ ఆడలేదు. కానీ తనకు ఎవరూ ఇవ్వని ఆ కుదురైన మొదటి ఏడాదిని తన తర్వాతివాడికి ఇచ్చాడు.

మిత్రులారా, మనలో ఎవరూ క్వార్టర్‌బ్యాక్‌లం కాము. కానీ నేను ఎల్‌డీసీగా చేరిన రోజుల్లో నోటు రాయడం నేర్పిన హెడ్ క్లర్కుగారు ఉండేవారు. ఫైలు మూసేసి, ఇప్పుడు నువ్వు చెప్పు అని కూర్చోబెట్టి అడిగేవారు. ఆయన రిటైరయ్యాక ఆ సీటు నాకే వస్తుందని ఆయనకు తెలుసు. మీ అందరికీ అలాంటివారు ఒకరైనా ఉండి ఉంటారు. మీలో చాలామంది ఇతరులకు అలా ఉన్నారు. సర్వీసు రిజిస్టరులో దానికి కాలమ్ లేదు. అయినా ఆ పని జరిగింది.

మన ఇళ్లలో ప్రవేశ పరీక్షలు రాసే మనవలు, కొత్త ఉద్యోగంలో చేరిన మనవరాళ్లు ఉన్నారు. ర్యాంకు వచ్చిన రోజున మిఠాయిలు పంచుతాం, రాకపోతే ఇల్లంతా మూగబోతుంది. ఎంపిక రోజున ఒకటో పేరు రావడానికీ, 199వ పేరు రావడానికీ, అసలు పేరే రాకపోవడానికీ తర్వాతి జీవితంతో ఎంత సంబంధం ఉందో ఇందాక విన్నారు. సంబంధం లేదని నేననను. మానింగ్ మొదటి పేరే, ఎయిక్‌మనూ మొదటి పేరే. కానీ వాళ్లూ మొదటి ఏడాది ఘోరంగా ఓడారు. ఓడిన ఏడాది వాళ్ల వెనుక ఎవరో నిలబడ్డారు. పిల్లవాడు మొదటి ఏడాది తడబడితే వాడికి ఏం రాదని తేల్చే ముందు, వాడికి నేర్పేవాళ్లు ఎందరు మారారో, వాడి ముందు గోడగా ఎవరున్నారో ఒక్కసారి అడగండి. ఆ గోడలో నిలబడడానికి మనకు వయసు అడ్డు రాదు. పైగా మనకు ఇప్పుడు కావలసినంత తీరిక ఉంది.

 కాఫీ సిద్ధమైందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. నా రేడియోలో కూడా పదిహేను సెకన్లే మిగిలాయి కాబట్టి సెలవు తీసుకుంటాను. నమస్కారం.